వ్యాపారం కూడా ఒక చదువేనా

మార్చి 28, శనివారం

ఆఫీసులో వెల్‌నెస్ వారం అని ఒక తతంగం జరిపి తలా ఒక నోట్‌బుక్ పంచారు. మనసులో ఉన్నది రోజూ రాసుకుంటే బీపీ తగ్గుతుందట. ఈ ముక్క చెప్పింది నీరజ్, మా టీమ్‌కి ప్రాడక్ట్ మేనేజరు, ముప్ఫై ఏళ్ళవాడు, ఎంబీఏ. నా బీపీలో సగం అతని పుణ్యమే. ఊరికే వచ్చిన నోట్‌బుక్ కాబట్టి రాస్తున్నాను. తెలుగులో రాస్తే సాన్వికి చదవడం రాదు, మా ఆవిడ రష్మికి చదివే ఓపిక లేదు.

ఈ రోజు మా అమ్మాయి సాన్వికి రెండో అడ్మిషన్ వచ్చింది. మొదటిది ఇక్కడే, మేముండే రెడ్‌మండ్ నుంచి అరగంటలో వెళ్ళే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్. ఆ సీటు కోసం ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు మొక్కని దేవుడు లేడు. రెండోది బోస్టన్ దగ్గర ఒక కాలేజీలో బిజినెస్. అందులోనూ ఆంత్రప్రెన్యూర్‌షిప్. సొంత కంపెనీ పెట్టడం ఎలాగో నాలుగేళ్ళు క్లాసులో కూర్చోబెట్టి చెప్తారట. పుస్తకం చదివి ఈత నేర్చుకుంటానన్నవాళ్ళ గురించి విన్నాను గానీ, దానికి డిగ్రీ కూడా ఇస్తారని ఇప్పుడే తెలిసింది.

"నాన్నా, ఐ థింక్ బిజినెస్," అంది సాన్వి, గిన్నెలో సీరియల్ కలుపుకుంటూ.

కంపెనీ పెట్టాలంటే ముందు అమ్మడానికి ఒక వస్తువు ఉండాలి. వస్తువు చేయడం వచ్చినవాడికి అమ్మడం వారంలో వస్తుంది. అమ్మడం వచ్చినవాడికి వస్తువు చేయడం జన్మలో రాదు. ఇరవై రెండేళ్ళుగా ఒకే కంపెనీలో కూర్చుని ఇదే చూస్తున్నాను. మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. ఆ కాళ్ళకి ఒక డిగ్రీ.

పైగా సాన్వికి ఇప్పటికే ఒక కంపెనీ ఉన్నట్టే. పేరు తోడు. ఇండియా నుంచి ఒంటరిగా విమానమెక్కే పెద్దవాళ్ళకి, అదే విమానంలో వస్తున్న మనవాళ్ళని జత కలిపే యాప్. "మా అత్తగారు జూన్ పద్నాలుగున హైదరాబాద్ నుంచి వస్తున్నారు, ఎవరైనా అదే ఫ్లైట్‌లో ఉన్నారా" అని వాట్సాప్ గ్రూపులన్నింటిలో అడుక్కునే అవస్థ లేకుండా. రెండున్నరేళ్ళ క్రితం ఆలోచన వచ్చింది సాన్వికే. కోడ్ కూడా సాన్విదే. నేను కొంచెం సరిచేశాను, అంతే. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు సీటిచ్చింది ఆ యాప్ చూసే. సొంతంగా తయారుచేశానని అప్లికేషన్‌లో రాశాం.

మే ఒకటో తారీకు లోపల ఏదో ఒక కాలేజీకి ఒప్పుకోవాలి.

మార్చి 29

మళ్ళీ అడిగాను. మళ్ళీ బిజినెస్ అంది.

ఏప్రిల్ 1, బుధవారం

నీరజ్ మీటింగు పెట్టాడు. ఒక్క లైను కోడ్ రాయలేనివాడు గంటసేపు బోర్డు ముందు నిలబడి కస్టమర్ బాధ ఏమిటి, కస్టమర్ బాధ ఏమిటి అని ఒకటే జపం. చివర్లో నన్ను పట్టుకున్నాడు. "మోహన్, ఈ ఫీచర్ గురించి ఒక్క యూజర్‌తోనైనా మాట్లాడారా?"

యూజర్లు మాట్లాడాల్సిన అవసరం లేకుండా చేయడమే నా పని అన్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్వాలంటే ముందు అర్థం కావాలి కదా.

నా కూతురు ఇలాంటివాడిలా తయారవుతానంటోంది.

ఏప్రిల్ 2, గురువారం

తోడు లెక్కలన్నీ కనబడే డాష్‌బోర్డ్ పేజీ చూశాను. ఈ వారం నాలుగు కొత్త జతలు. ఎర్రర్లు సున్నా. రష్మి చేసిన బెండకాయ వేపుడు బాగుంది, బాగుందని చెప్పాను కూడా.

ఏప్రిల్ 5, ఆదివారం

రష్మి నాకు చెప్పకుండా తేజేశ్వర్‌కి ఫోన్ చేసింది.

తేజేశ్వర్ ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్. నా రికార్డులు కాపీ కొట్టి పాసైన ఘనుడు. తర్వాత ఎంబీఏ. ఇప్పుడు జెర్సీ సిటీలో నది కనబడే ఆఫీసు, డెబ్బై మంది ఉద్యోగులు. ఆస్పత్రులకి అపాయింట్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అమ్ముతాడు. ఆ సాఫ్ట్‌వేర్ నేను చూశాను. మా ఆఫీసులో ఇంటర్న్ అలాంటిది రాస్తే ఇంటికి పంపిస్తాం.

స్పీకర్‌లో పెట్టింది. "ఏరా మోహనూ, పిల్లని దానికి నచ్చింది చదవనీరా," అన్నాడు.

"నీ సలహా ఎవడడిగాడు?"

"మీ ఆవిడ అడిగింది. అయినా ఏది చదివితే ఏంట్రా? ఎవరికేం కావాలో అడిగి తెలుసుకునే ఓపిక ఉండాలి. మీ అమ్మాయికి అది ఉంది. మా అత్తగారు వచ్చినప్పుడు మూడుసార్లు ఫోన్ చేసి మాట్లాడింది తెలుసా?"

వాడి నోట ఓపిక మాట. 2009లో ఇద్దరం కలిసి కంపెనీ పెడదామన్నాడు. నేను రోజూ ఆఫీసు నుంచి వచ్చి ప్రాడక్ట్ రాశాను. ఆరు నెలలకే, ఒక అయిదుగురు డాక్టర్లకి చూపిద్దాం పదరా అని గొడవ. ఉడకని అన్నం ఎవడికి వడ్డిస్తావురా అన్నాను. ఇంకో ఏడాదిన్నర రాశాను. ఈలోగా వాడు ఇంకెవడితోనో నాసిరకం సరుకు చేయించి అమ్మేసుకున్నాడు. దీన్ని మోసం అంటారు. రష్మి వేరే మాట అంటుంది.

ఫోన్ పెట్టేశాక, "ఇంతకీ మీది పూర్తయిందా?" అని అడిగింది.

"ఏది?"

"అదే, 2009ది."

కొన్ని ప్రశ్నలకి జవాబు చెప్తే మన స్థాయి తగ్గుతుంది.

ఏప్రిల్ 9, గురువారం

మూడు జతలు. ఎర్రర్లు సున్నా.

ఏప్రిల్ 11, శనివారం

యూనివర్సిటీలో, సీటొచ్చిన పిల్లలకి పరిచయ కార్యక్రమం. సాన్విని బలవంతాన తీసుకెళ్ళాను. ల్యాబులన్నీ చూపించారు. కళ్ళున్నవాడు ఎవడైనా అక్కడే చాప వేసుకుని పడుకుంటాడు.

ఒక ప్రొఫెసర్ సాన్వి అప్లికేషన్ గుర్తుపట్టాడు. ఎంతో ఇష్టంగా దగ్గరికొచ్చి, "దారిలో రెండు విమానాలు మారేవాళ్ళని ఎలా జత కలిపావు? ఆ లాజిక్ చెప్పు," అన్నాడు. సాన్వి నా వైపు చూసింది. నేనే చెప్పాను. అక్కడున్న కాగితం మీద బొమ్మ గీసి మరీ పది నిమిషాలు చెప్పాను. ఆయనకి చాలా నచ్చింది. సాన్వి కాఫీ తెచ్చుకుంటానని వెళ్ళి, ఆయన వెళ్ళిపోయేదాకా రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఆగిపోయాం.

"నాన్నా, అక్కడ జాయిన్ ఐతే ఫస్ట్ వీక్‌లోనే అందరికి తెలుస్తది."

"ఏం తెలుస్తుంది?"

"అది నేను చెయ్యలేదు అని."

"నువ్వే చేశావు. నేను కొంచెం సరిచేశాను. మిగతాది అక్కడ నేర్చుకుంటావు."

"నేను నేర్చుకోవాలనే స్టార్ట్ చేశా కదా. నేను రాస్తే నువ్వు డిలీట్ చేసి మళ్ళీ రాసేవాడివి. తర్వాత నేను రాయడం ఆపేశా. నువ్వు నోటీస్ చెయ్యలేదు."

దాన్ని డిలీట్ చేయడం అనరు, మెరుగుపరచడం అంటారు. తేడా తెలియనివాళ్ళతో వాదన ఎందుకని రేడియో పెట్టాను.

ఇంటికొచ్చి ఒకసారి చూశాను. ఎవరికోసమో కాదు, నా కోసమే. తోడులో మొత్తం అరవై మూడు ఫైళ్ళున్నాయి. సాన్వి రాసింది రాసినట్టుగా మిగిలినది ఒకటి. అందులో రంగుల పేర్లున్నాయి.

ఏప్రిల్ 12

మా వీధిలో పద్మనాభం కొడుకు రోబో చేశాడని స్కూలు వాళ్ళు ఫోటో వేశారు. దానికి సోల్డరింగ్ ఎవరు చేశారో వీధి వీధంతటికీ తెలుసు. హరనాథ్ గారు రిటైరైన సైంటిస్టు, మనవరాలి సైన్స్ ప్రాజెక్టు ఆయనే చేసి, ప్రైజు రాలేదని జడ్జీలతో పోట్లాటకి కూడా దిగారు. అందరూ చేసేదే. నేను కనీసం బాగా చేశాను.

ఏప్రిల్ 16, గురువారం

రెండే జతలు. పరీక్షల సీజను కాబట్టి ప్రయాణాలు తగ్గి ఉంటాయి. ఎర్రర్లు మాత్రం సున్నా.

ఏప్రిల్ 18, శనివారం

పొద్దున్న ఏడున్నరకి సాన్వి గదిలోంచి మాటలు. ఇండియాలో రాత్రి ఎనిమిది. అవతల గుంటూరులో భానుమతి గారని ఎవరో డెబ్బై ఏళ్ళావిడ. మొదటిసారి విమానమట. తలుపు తీసే ఉంది, కాఫీ తాగుతూ విన్నాను.

"అమ్మమ్మగారూ, దోహాలో ఫోర్ అవర్స్ ఆగాలి. భయం వద్దు. మీ పక్కన ఇషా అక్క ఉంటది. ఆ అక్క కూడా ఉల్లిపాయ తినదు, నేను అడిగాను... లేదు లేదు, మగవాళ్ళు కాదు, అక్కే... షుగర్ మందు ఏ బ్యాగ్‌లో పెట్టారు? పెద్ద బ్యాగ్ వద్దు. చేతి బ్యాగ్. ఇప్పుడే మార్చండి, నేను ఫోన్‌లోనే ఉంటా."

ఆవిడ మందులు వెతికి, మార్చి, మళ్ళీ వచ్చి చెప్పేదాకా ఈ పిల్ల ఫోన్ పట్టుకుని కూర్చుంది. తర్వాత ఆవిడకి మోకాళ్ళ నొప్పులట, అవీ విన్నది. మొత్తం నలభై నిమిషాలు. నేను రాసిన ప్రోగ్రాం ఇదే జతని రెండు సెకన్లలో కలుపుతుంది.

"యాప్ ఉండగా ఈ ఊకదంపుడు ఎందుకు?" అన్నాను.

"కస్టమర్ సపోర్ట్ నాన్నా," అంది, తల ఎత్తకుండా ఏదో రాసుకుంటూ.

ముసలమ్మ మోకాళ్ళ గురించి వినడానికి బోస్టన్‌లో నాలుగేళ్ళ చదువు కావాలి కాబోలు.

ఏప్రిల్ 23, గురువారం

అయిదు జతలు. భానుమతి గారి పేరు కూడా ఉంది. మరి చివరికి యాప్‌లోకే రావాల్సి వచ్చిందిగా ఆవిడ.

ఏప్రిల్ 25, శనివారం

మా ఇంట్లో అందరి పాస్‌వర్డులూ ఒకే షీట్‌లో ఉంటాయి, కరెంటు బిల్లు దగ్గర్నుంచి కాలేజీల దాకా. నాకు తెలిసిన ప్రతి తెలుగు ఇంట్లో ఇదే ఏర్పాటు. రష్మి, సాన్వి గుడికి వెళ్ళారు. నేను సాన్వి అకౌంట్‌లోకి వెళ్ళి, కంప్యూటర్ సైన్స్ సీటుకి ఒప్పుకుంటున్నట్టు నొక్కేశాను. డిపాజిట్ కూడా కట్టేశాను. "కంగ్రాచులేషన్స్ సాన్వి" అని తెర మీద రంగు కాగితాలు ఎగిరాయి.

పదిహేడేళ్ళ పిల్లకి తెలియదు కాబట్టి పెద్దవాళ్ళు నిర్ణయిస్తారు. ఇందులో దాచాల్సిందేమీ లేదు. వాళ్ళు గుడి నుంచి వచ్చాక చెప్దామనుకున్నాను, పులిహోర తింటున్నారు కదా అని ఊరుకున్నాను.

ఊరికే చెప్పను. యాప్ ఎప్పుడెప్పుడు, ఏ ఫోన్ నుంచి వాడారో సర్వర్ చిట్టా రాసిపెడుతుంది. అది తీసి, ఇదిగో ఇంతమంది వాడుతున్నారు, నీ కంపెనీని నిలబెట్టింది కోడ్, కబుర్లు కాదు అని చూపించి చెప్తాను. ఇంజినీరు సాక్ష్యంతో మాట్లాడతాడు. చేతులూపుతూ మాట్లాడేవాళ్ళు వేరే ఉన్నారు.

ఏప్రిల్ 26, ఆదివారం

మొదటి నుంచి మొత్తం రెండు వందల పద్నాలుగు జతలు. ఎక్కించినవన్నీ ఒకే ఫోన్ నుంచి. ప్రతి బుధవారం సాయంత్రం ఏడింటికి మొదలు, ఎనిమిదింటికి ముగింపు.

చిట్టాలో తప్పుంది.

ఏప్రిల్ 27

చిట్టాలో తప్పు లేదు. ఆ ఫోన్ సాన్విది. అది కాక యాప్ తెరిచినది నా ల్యాప్‌టాప్ ఒక్కటే.

ఏప్రిల్ 28

నీరజ్ ఏదో అడిగాడు. సరే అన్నాను. దేనికి సరే అన్నానో తెలియదు.

ఏప్రిల్ 29, బుధవారం

ఏడింటికి సాన్వి గదికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, అందులోంచి చూసి ఫోన్‌లో ఎక్కిస్తోంది. నన్ను చూసి ఫోన్ బోర్లా పెట్టింది.

"యాప్‌ని ఎవరూ వాడటం లేదు," అన్నాను.

నోట్‌బుక్ మూసింది. తర్వాత చెప్పింది. మొదటి నెలలో ముగ్గురు ప్రయత్నించారట. పాస్‌వర్డ్‌లో ఎనిమిది అక్షరాలు, ఒక గుర్తు ఉండాలంటే, ఆ గుర్తు ఎక్కడుందని ఒకావిడ రోజంతా వెతికిందట. ఇంకొకావిడకి యాప్ వంద శాతం సరైన జత చూపించింది. అదే విమానం, అదే ఊరు. పక్క సీట్లో ఎవరో ముప్ఫై ఏళ్ళ అబ్బాయి. ఆవిడ భయపడి టిక్కెట్టే రద్దు చేసుకోబోయింది. అప్పుడు సాన్వి ఫోన్ చేసింది. అప్పట్నుంచి ఫోన్లే చేస్తోంది.

"నాకు చెప్పాల్సింది. సరిచేసేవాణ్ణి."

"చెప్పాను నాన్నా. టూ టైమ్స్. యూజర్లకి చేతకాదు అన్నావు."

అన్నాను. గుర్తుంది.

"మరి ఇదంతా యాప్‌లో ఎక్కించడం ఎందుకు? ఎవరు చూస్తారని?"

"నువ్వు చూస్తావు కదా. థర్స్‌డే." వేళ్ళు చూసుకుంటూ అంది. "చూసి గుడ్ మూడ్‌లో ఉంటావు. డిన్నర్‌లో ఎవర్నీ తిట్టవు. అమ్మకి కూడా థర్స్‌డే ఇష్టం."

నేను కుర్చీలో కూర్చున్నాను. శనివారం చేసిన పని అప్పుడు చెప్పాను. చెప్పేసరికి నా గొంతు నాకే నచ్చలేదు.

"తెలుసు. ఈమెయిల్ వచ్చింది," అంది. "నువ్వే చెప్తావని వెయిట్ చేశా. ఓకే నాన్నా. అక్కడే జాయిన్ ఔతా. ఇట్స్ ఫైన్. నిజంగా."

కోపం లేదు, ఏడుపు లేదు. కేకలేసి ఉంటే నేనూ కేకలేసేవాణ్ణి, బాగుండేది. రెండేళ్ళపాటు ప్రతి బుధవారం నా కోసం గంటసేపు అబద్ధం టైప్ చేసిన పిల్ల ఇది. నేను సంతోషంగా ఉంటానంటే నాలుగేళ్ళు కూడా చేస్తుంది. ఆ తర్వాత ఉద్యోగంలో కూడా.

ఏప్రిల్ 30, గురువారం

బోస్టన్ కాలేజీకి సాన్వి రాసిన వ్యాసం ఈ రోజు చదివాను. పాస్‌వర్డ్ ఎప్పట్నుంచో షీట్‌లోనే ఉంది. బిజినెస్ కాలేజీ వ్యాసం ఎవడు చదువుతాడని తెరవలేదు. కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్‌ అయితే పక్కన కూర్చుని ప్రతి వాక్యం నేనే దిద్దాను. ఇదొక్కటే నా చేయి పడనిది.

ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఇక్కడ తెలుగులో రాసుకుంటున్నాను.

"మా నాన్న ఒక యాప్ రాశారు. నేను చూసినవాటిలో అంత అందంగా పనిచేసేది ఇంకోటి లేదు. కానీ పెద్దవాళ్ళకి కావలసింది ఫ్లైట్ నంబరు కలవడం కాదు. పక్కన కూర్చునే మనిషి ఎలాంటివారో ముందే తెలియడం. అందుకని నేను ఫోన్ చేసి అడుగుతాను. ఆ యాప్‌కి ఒక్కరే యూజరు ఉన్నారు. మా నాన్న. ఆయన్ని పోగొట్టుకోకుండా చూసుకుంటున్నాను. వ్యాపారం గురించి నాకు ఇప్పటిదాకా తెలిసింది ఇంతే. మిగతాది నేర్చుకోవాలని ఉంది."

చాలాసార్లు చదివాను. మొదట కోపమొచ్చింది, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంటి సంగతి చెప్పిందని. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు. అవతలివాళ్ళు నా కోడ్ చూసి సీటిచ్చారు. వీళ్ళు ఇది చదివి ఇచ్చారు. నా కూతురు ఎవరో చూసి సీటిచ్చింది వీళ్ళే. నేను ఈసడించుకున్న కాలేజీ వాళ్ళు.

రష్మికి చూపించాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నాకు తెలుసు," అంది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నాకు తప్ప.

బిజినెస్ డిగ్రీ మీద నా అభిప్రాయం మారలేదు. నీరజ్ మీద కూడా. కానీ అది వేరే సంగతి.

మే 1, శుక్రవారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. సాన్వి స్కూలు నుంచి రాగానే డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ తెరిచాను. ముందు కంప్యూటర్ సైన్స్ సీటు వదులుకోవాలి. ఆ పేజీలో, ఎందుకు వద్దనుకుంటున్నారో రాయమని ఒక గడి ఉంది. రాయకపోయినా ఫరవాలేదట. నేను రాశాను. ఈ అప్లికేషన్‌లో చెప్పిన పని మా అమ్మాయిది కాదు, నాది, తనని తన పని చేసుకోనివ్వలేదు అని. ఆ రెండు ముక్కలు రాయడానికి పావుగంట పట్టింది.

సాన్వి నా వెనక నిలబడి చదివింది. మెల్లగా చేయి చాపి, నేను రాసిందంతా చెరిపేసింది. కింద ఇచ్చిన జాబితాలోంచి "వేరే కాలేజీలో చేరుతున్నాను" అన్నది ఎంచుకుంది.

"వాళ్ళకి ఎందుకు నాన్నా. నేను చదివాను కదా," అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం చేతకాలేదు. రష్మి వంటింట్లోంచి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

సాన్వి పక్క కుర్చీలో కూర్చుని బోస్టన్ వాళ్ళ పేజీ తెరిచింది. ఒప్పుకుంటున్నాను అన్న చోట వేలు పెట్టి, నొక్కకుండా, ఒకసారి నా మొహంలోకి చూసింది, బాధపడుతున్నానేమో అని. రెండేళ్ళుగా ఆ పిల్ల ఏం చేయబోయినా ముందు ఇలాగే చూస్తూ వచ్చిందని నాకిప్పుడు తెలుసు.

"నొక్కమ్మా," అన్నాను.